పేరు నిలిపిన పరుగు

రాయలసీమలో కోయిలకుంట్ల పరిసరములు నల్లరేగడి నేలలు. వాన కురిసినచో ఆ నేలపై నడుచుట కష్టము. అడుగడుగునకు బంకమన్ను పాదములకు అంటుకొని బరువెక్కును. ఎండలు ముదిరినచో నేల నెర్రెలు విచ్చును. జొన్న, శనగ, ప్రత్తి పండించు రైతులును, వారి పొలములలో కూలి చేసికొను కుటుంబములును అచ్చట ఊరూరను కలరు. ఆ పల్లెలలో మనుష్యునకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి, ఊరు పెట్టిన పేరు మరొకటి. కాలు చక్కగా లేనివాడు ఊరివారి నోట కుంటోడగును. చూపు లేనివాడు గుడ్డోడగును. మాట తడబడువాడు నత్తోడగును. చదువు చప్పున ఎక్కని పిల్లవానికి 'మొద్దు' అను బిరుదము బడిలోనే దొరకును. ఇట్లు పిలుచువారందరును చెడ్డవారు కారు. జబ్బు చేసినప్పుడు ఆ కుంటివాని యింటికి గంజి పట్టుకొని పోవువారును వారే. అయినను పిలుపు మాత్రము మారదు. ఆ పేరుతోనే అతడు పెరుగును, ఆ పేరుతోనే ముసలివాడగును. రేషను కార్డు మీద తప్ప అతని అసలు పేరు ఎచ్చటను కనబడదు.

ఇది కోయిలకుంట్ల సీమకు మాత్రమే చెందిన అలవాటు కాదు. తెలుగునాట ఏ మూలకు పోయినను ఇదే తీరు. కోయిలకుంట్లకు ఈశాన్యముగా చాల దూరమున, తెలంగాణలోని వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలమున కల్లెడ అను గ్రామము కలదు. ఆ గ్రామమున ఒక బాలికకు తల్లిదండ్రులు దీప్తి అని పేరు పెట్టిరి. ఊరిలో కొందరు ఆ పేరును ప్రక్కకు నెట్టి ఆమెను 'పిచ్చిది' అనిరి, 'కోతి' అనిరి. ఆ బాలికయే 2024వ సంవత్సరమున 400 మీటర్ల పరుగులో, తన వర్గమునకు చెందిన క్రీడాకారిణులలో, ప్రపంచమున అంతవరకు ఎవరును అందుకొనని వేగమును అందుకొనెను.

జీవంజి దీప్తి 2003వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన జన్మించెను. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. వారికి ఉన్నది కొద్దిపాటి భూమి. పుట్టినప్పుడు బిడ్డ తల చిన్నదిగా నుండెను. పెదవియు, ముక్కును ఇతర శిశువులకు ఉన్నట్లు లేకుండెను. చూడవచ్చిన వారిలో కొందరు, బంధువులతో సహా, బిడ్డను ఏదైన అనాథాశ్రమమున విడిచి రమ్మని తల్లికి చెప్పిరి. తల్లి ఆ మాటలు వినియు విననట్లే ఊరకుండెను. బిడ్డ ఇంటనే పెరిగెను.

పెరిగిన కొలది మరొక సంగతి తెలియవచ్చెను. తోడి పిల్లలు ఒకసారి వినినంతనే గ్రహించు మాట దీప్తికి రెండుమూడు పర్యాయములు చెప్పవలసి వచ్చెడిది. మనసులోని మాటను పైకి చెప్పుట ఆమెకు కష్టముగా నుండెడిది. బుద్ధి వికాసమున కలిగిన ఈ లోపము కాలి కుంటివలె కంటికి కనబడునది కాదు. కాలు లేనివానిని చూచి, పాపము, నడువలేడని జనులు జాలిపడుదురు. బుద్ధి నెమ్మదిగా పనిచేయు పిల్లను చూచినచో జాలికి బదులు నవ్వు వచ్చును. లేదా విసుగు వచ్చును. దీప్తి వీధిలోనికి పోయినప్పుడు పిల్లలు వెంటబడి హేళన చేసెడివారు. ఆమె ఏడ్చుచు ఇల్లు చేరెడిది. అప్పుడు తల్లి తీపి అన్నము వండి పెట్టెడిది. ఎన్నడైన చేతిలో నాలుగు రూకలున్న దినమున కోడికూర చేసెడిది. దానితో బిడ్డ ముఖము విప్పారెడిదని ఆ తల్లి పిమ్మట చెప్పెను. ఊరివారితో తగవులాడుటకు కూలివాని ఇల్లాలికి శక్తి ఎక్కడిది? ఆమె చేతనైనది అది.

తాత మరణించిన పిదప ఆ కుటుంబము ఉన్న భూమిని అమ్ముకొనవలసి వచ్చెను. తండ్రికి దినమునకు నూరో, నూటయేబదియో రూపాయలు కూలి దొరకెడిది. అది చాలనప్పుడు తల్లియు పనికి పోయెడిది. దీప్తికి ఒక చెల్లెలు కూడ కలదు. నలుగురు తిని బ్రతుకవలెను. కోయిలకుంట్ల పొలములలో ప్రత్తి తీయు కుటుంబములకు ఈ లెక్క వివరించి చెప్పనక్కరలేదు.

కల్లెడలోని పాఠశాలలో దీప్తి చదువుకొనుచుండెను. ఆమె తొమ్మిదవ తరగతికి వచ్చునాటికి ఆ పాఠశాల వ్యాయామోపాధ్యాయుడు ఒక విశేషమును గమనించెను. తరగతిలో వెనుక బెంచీ విడువని పిల్ల మైదానములోనికి వచ్చినచో అందరికంటె ముందుండెను. ఆయన ఆమెను పోటీలకు తీసికొని పోసాగెను. పరుగులో ఒక సుగుణము కలదు. అచ్చట ప్రశ్నలు వేయువారు లేరు, సమాధానములు తడుముకొనవలసిన పని లేదు. గీత యొద్ద నిలువవలెను, తుపాకి మ్రోగినంతనే పరుగెత్తవలెను. చేతిలోని గడియారమునకు ఎవరి మారుపేరును తెలియదు.

అట్టి పోటీలలో ఒకనాడు నాగపురి రమేష్ అను శిక్షకుడు ఆమెను చూచెను. ఆయన భారత అథ్లెటిక్ క్రీడాకారులకు అనేక సంవత్సరములు శిక్షణ నిచ్చినవాడు. హైదరాబాదునకు పంపినచో తాను నేర్పెదనని ఆయన చెప్పెను. తల్లిదండ్రులు సంతోషించిరి, వెంటనే చింతలో పడిరి. హైదరాబాదునకు పోవుటకు బస్సు చార్జీలకు సైతము వారి యొద్ద డబ్బు లేదు. ఇతరుల సాయము వలననే ఆ ప్రయాణము సాగెను. ఒక ప్రపంచ విజేత కథలో బస్సు టిక్కెట్టుకు చోటుండునా అని అనిపించవచ్చును. పల్లెటూరి క్రీడాకారుల కథలు పెక్కు ఆ టిక్కెట్టు దొరకకనే ఆగిపోవుచున్నవి.

హైదరాబాదులో దీప్తి పరుగు మెరుగుపడెను. కాని చెప్పిన మాట ఆమెకు వెంటనే అందకుండుటను శిక్షకుడు గమనించెను. ప్రఖ్యాత బ్యాడ్మింటను శిక్షకుడు పుల్లెల గోపీచంద్ ఆమెను గూర్చి విని, సికిందరాబాదులోని జాతీయ సంస్థలో పరీక్ష చేయింపవలెనని సూచించెను. బుద్ధివికాసలోపము గలవారి కొరకు కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన సంస్థ అది. పరీక్షలు జరిగెను. దీప్తికి బుద్ధివికాసలోపము కలదని తేలెను. ఊరు ఇన్నాళ్లు ఎగతాళిగా అన్న మాటకు ఇప్పుడొక వైద్యుని కాగితము తోడయ్యెనని తల్లిదండ్రులు దుఃఖింపవలసిన సమయము అది. కాని ఆ కాగితమే పారా క్రీడల తలుపునకు తాళపుచెవి అయ్యెను.

ఆ తలుపును గూర్చి కొంత చెప్పవలెను. రెండవ ప్రపంచయుద్ధములో వెన్నెముక దెబ్బతిన్న సైనికులకు ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ అను వైద్యుడు చికిత్స చేయుచుండెను. మందులతో పాటు ఆటలును వారికి అవసరమని ఆయన తలచెను. లండను ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన 1948 జూలై 29వ తేదీననే, చక్రముల కుర్చీలలో కూర్చుండిన ఆ సైనికులకు విలువిద్యలో పోటీ పెట్టెను. ఆ చిన్న పోటీయే పెరిగి పెరిగి 1960లో రోమునగరమున మొదటి పారాలింపిక్ క్రీడలయ్యెను. చూపు లేనివారికి 1976లో టొరంటో క్రీడలతో ప్రవేశము లభించెను.

ఒకరి లోపము ఇంకొకరి లోపము వంటిది కాదు గనుక, పోటీ న్యాయముగా నుండుటకు క్రీడాకారులను వర్గములుగా విభజించిరి. పరుగు పందెములలో టి-11, టి-12, టి-13 అను వర్గములు చూపు లోపించినవారివి. బొత్తిగా చూపు లేనివారు టి-11లో పరుగెత్తుదురు. వారందరును కండ్లకు గంతలు కట్టుకొనవలెను. ఏ కొంచెము వెలుగు కనబడువానికిని అధిక లాభము కలుగరాదని ఆ నియమము. వారికి తోడుపరుగువాడు తప్పనిసరి. టి-12 వారు తోడుపరుగువానితో గాని, ఒంటరిగా గాని పరుగెత్తవచ్చును. టి-13 వారికి తోడు లేదు. క్రీడాకారుని చేతికిని, తోడుపరుగువాని చేతికిని నడుమ సుమారు అడుగు పొడవున్న చిన్న తాడు ఉండును. ఇద్దరును కలిసి రెండు బాటలను వాడుకొందురు. ఇద్దరి చేతులు ఒక్కసారిగా ఊగవలెను, అడుగులు ఒక్కసారిగా పడవలెను. తోడుపరుగువాడు లాగరాదు, నెట్టరాదు. అన్నిటికంటె కష్టమైన నియమము మరొకటి కలదు: గమ్యపు గీతను అతడు ముందుగా దాటరాదు. క్రీడాకారునితో సమానమైన వేగము అతనికి ఉండవలెను; చివరి అడుగున ఒక్క వ్రేలెడు వెనుక నుండవలెను.

ఉత్తరప్రదేశమునకు చెందిన సిమ్రన్ శర్మ ఇట్టి తాడు పట్టుకొని పరుగెత్తిన క్రీడాకారిణి. నెలలు నిండక పుట్టి, పది వారములు ఆసుపత్రి పెట్టెలో గడిపిన ఆమెకు చూపు సరిగా రాలేదు. 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్ క్రీడలలో ఆమె టి-13 వర్గమున ఒంటరిగా 100 మీటర్లు పరుగెత్తి, ప్రాథమిక పోటీలోనే వెనుకబడెను. అటుపిమ్మట ఆమెను టి-12 వర్గమునకు మార్చిరి. అభయ్ సింగ్ అను యువకుడు ఆమెకు తోడుపరుగువాడయ్యెను. 2024 మే నెలలో, జపానులోని కోబె నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో, ఆ యిద్దరు 200 మీటర్ల పరుగును 24.95 సెకండ్లలో ముగించి స్వర్ణపతకము గెలిచిరి.

దీప్తి చేరిన వర్గము వేరు. దాని పేరు టి-20. ఆ వర్గమున తాడు లేదు, గంతలు లేవు, చక్రముల కుర్చీ లేదు, కృత్రిమపు కాలు లేదు. బాటలో నిలిచిన ఎనిమిదిమందిని చూచినచో వీరికి ఏమి లోపమని ప్రేక్షకుడు ఆశ్చర్యపడును. ఆ కనబడకుండుటయే ఒకప్పుడు ఈ వర్గమునకు పెద్ద ఆపద తెచ్చెను. 2000వ సంవత్సరము సిడ్నీ పారాలింపిక్ క్రీడలలో బుద్ధివికాసలోపము గలవారి బాస్కెట్‌బాల్ పోటీలో స్పెయిన్ దేశపు జట్టు స్వర్ణము గెలిచెను. ఆ జట్టులో ఆడిన ఒక పత్రికా రచయిత తానే మోసమును వెల్లడించెను. పన్నెండుమందిలో పదిమందికి ఏ లోపమును లేదు! పతకములు తిరిగి తీసికొనబడెను. శిక్ష మాత్రము ఆ పదిమందితో ఆగలేదు. బుద్ధివికాసలోపము గలవారిని పరీక్షించు నమ్మకమైన పద్ధతి ఏర్పడువరకు వారి పోటీలనన్నిటిని పారాలింపిక్ సంఘము నిలిపివేసెను. 2004లోను, 2008లోను వారికి పతకపు పోటీలు లేకపోయెను. ఎవరో చేసిన మోసమునకు ఏ పాపమెరుగని వేలమంది బాలబాలికలు దండన అనుభవించిరి. దీప్తి జన్మించిన 2003లో ఆ తలుపు మూతబడి యున్నది. 2012 లండను క్రీడలలో అది మరల తెరువబడెను. ఆనాటికి కల్లెడలో ఆమె తొమ్మిదేండ్లు కూడ నిండని పిల్ల.

అందుచేతనే నేడు టి-20 వర్గమున చేరుటకు పరీక్షలు కఠినముగా నుండును. బుద్ధిశక్తిని కొలుతురు, దైనందిన జీవితమున తన పనులను తాను ఎంతవరకు చేసికొనగలరో చూతురు, లోపము చిన్ననాటి నుండియు కలదనుటకు నిదర్శనములు అడుగుదురు. ఇన్ని చేసియు, కాలికి లేని లోపము పరుగునకు ఎట్లు అడ్డగునని ఎవరికైన సందేహము కలుగవచ్చును. 400 మీటర్ల పరుగు ఎట్టిదో తెలిసినచో ఆ సందేహము తీరును.

400 మీటర్లనగా మైదానము చుట్టు ఒక పూర్తి ప్రదక్షిణము. ప్రతివారును తమ బాటలోనే పరుగెత్తవలెను. బయటి బాట పొడవు ఎక్కువ గనుక, దూరము సమముగా నుండుటకై బయటివారిని ముందునకు జరిపి నిలుపుదురు. మొదటి బాటలోని వారికంటె రెండవ బాటలోని వారు సుమారు ఏడు మీటర్లు ముందుందురు. మూడవ బాటలోని వారు మరింత ముందు. కాబట్టి పరుగు మొదలైన తరువాత చాలసేపటివరకు ఎవరు ముందో, ఎవరు వెనుకో కంటికి తెలియదు. ముందు కనబడునది నిజముగా ముందుండుట కాకపోవచ్చును. కన్ను చెప్పినది నమ్మి, ఎదుటివారిని అందుకొందమని ఆదిలోనే సత్తువనంతయు ధారపోసినచో, చివరి 100 మీటర్లలో కాళ్లు సీసపు కడ్డీలవలె బిగుసుకొనును. ఆ చివరి భాగమున వేగము పెంచుకొనువారు నిజమునకు ఎవరును లేరు. అందరి వేగమును తగ్గుచునే యుండును. తక్కువగా తగ్గినవారు గెలుతురు. ఎంత వేగముతో బయలుదేరవలెను, ఎచ్చట నిలద్రొక్కుకొనవలెను, ఎంత దాచుకొనవలెను అను లెక్కను పరుగెత్తుచునే చేసికొనవలెను. శరీరము అలసినకొలది ఆ లెక్క మరింత కష్టమగును. బుద్ధి నెమ్మదిగా నడచువారికి ఆ భారము అందరికంటె అధికము. కండబలము ఎంత యున్నను అది తీరునది కాదు.

అట్టి లెక్కను మాటలతో నేర్పలేనప్పుడు శరీరమునకే నేర్పవలెను. ఒక దూరమును ఒకే వేగముతో మరల మరల పరుగెత్తించి, ఆ తూగు కాళ్లకు అలవాటగునట్లు చేయవలెను. నేడు చెప్పినది రేపు మరల చెప్పవలెను. ఎల్లుండి విసుగులేక ఇంకొకసారి చెప్పవలెను. దీప్తి వద్ద పనిచేసినవారికి ఈ ఓర్పు అవసరమయ్యెను. సిమ్రన్ చేతి తాడు చూచువారందరికిని కనబడును. దీప్తికిని అట్టి తాడు లేకపోలేదు. దాని కొన కల్లెడలో తీపి అన్నము వండిన తల్లి చేతిలోను, మైదానమునకు పిలిచిన వ్యాయామోపాధ్యాయుని చేతిలోను, హైదరాబాదులోని శిక్షకుని చేతిలోను ఉండెను. పరుగు నాడు మాత్రము వారెవరును ప్రక్కన పరుగెత్తరు. బాటలో ఆమె ఒంటరిదే.

2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌జౌ నగరమున ఆసియా పారా క్రీడలు జరిగెను. దీప్తి 400 మీటర్లను 56.69 సెకండ్లలో పరుగెత్తి స్వర్ణపతకము గెలిచెను. ఆ వర్గమున ఆసియాలో అంతకు ముందెవరును అంత త్వరగా పరుగెత్తలేదు. వచ్చిన బహుమతి డబ్బుతో కుటుంబము మరల భూమి కొనుక్కొనెను. పోయిన భూమికి బదులు భూమి వచ్చుట పల్లెటూరి కూలివానికి ఏ పతకమునకును తీసిపోని సంగతి.

మరుసటి సంవత్సరము మే 20వ తేదీన కోబె నగరమున, సిమ్రన్ స్వర్ణము గెలిచిన ఆ ప్రపంచ పోటీలలోనే, దీప్తి తుదిపోటీలో నిలిచెను. టి-20 వర్గమున అప్పటి ప్రపంచ రికార్డు 55.12 సెకండ్లు. అమెరికాకు చెందిన బ్రియానా క్లార్క్ దానిని అంతకు ముందటి ఏట పారిస్‌లో నెలకొల్పెను. కోబెలో దీప్తి ప్రక్కన టర్కీ దేశపు ఐసెల్ ఓండెర్ అను గట్టి ప్రత్యర్థి కలదు. ఇద్దరును చివరివరకు పోరాడిరి. దీప్తి గీత దాటునప్పటికి గడియారము 55.07 చూపెను. ఓండెర్ 55.19తో రెండవది అయ్యెను. పాత రికార్డునకును, కొత్తదానికిని వ్యత్యాసము సెకండులో నూరింట ఐదు వంతులు. ఆ వేగమున అది మూరెడు నేల కూడ కాదు. కాని ఆ మూరెడు నేలతో కల్లెడ కూలివారి కుమార్తె ప్రపంచ రికార్డు పొందెను.

ఇక మిగిలినది పారాలింపిక్ పతకము. 2024 ఆగస్టు చివర పారిస్ నగరమున క్రీడలు ప్రారంభమయ్యెను. స్టాడ్ ద ఫ్రాన్స్ అను ఆ మహా క్రీడాంగణములో పరుగుబాటకు ఊదారంగు వేసిరి. ప్రాథమిక పోటీలో దీప్తి 55.45 సెకండ్లలో వచ్చి తన గుంపులో ప్రథమురాలయ్యెను. కాని ఆమె రికార్డు అచ్చటనే పోయెను. ఓండెర్ తన ప్రాథమిక పోటీలో 54.96 సెకండ్లలో పరుగెత్తి, 55 సెకండ్ల హద్దును దాటెను. నాలుగు నెలలు కూడ దీప్తి పేర నిలువని రికార్డు అది. తుదిపోటీ ముందట ఇట్టి వార్త వినుట ఏ క్రీడాకారిణికైనను మేలు చేయునది కాదు.

సెప్టెంబరు 3వ తేదీన తుదిపోటీ జరిగెను. ఉక్రెయిన్ దేశపు యూలియా షూలియార్ 55.16 సెకండ్లతో స్వర్ణము గెలిచెను. ఓండెర్ 55.23తో రజతము పొందెను. దీప్తి 55.82తో మూడవదిగా వచ్చి కాంస్యపతకము అందుకొనెను. ఈ అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచినచో విద్యార్థులకు ఒక వింత కనబడును. తుదిపోటీలో దీప్తి తన ప్రాథమిక పోటీ కంటెను నెమ్మదిగా పరుగెత్తెను. కోబెలో వచ్చిన 55.07 మరల వచ్చియున్నచో స్వర్ణము ఆమెదే. ముందునాడు ప్రపంచ రికార్డు నెలకొల్పిన ఓండెరునకును అదే గతి, తన 54.96ను తానే అందుకొనలేక రజతముతో సరిపెట్టుకొనెను. పత్రికలు ఆనాడు కాంస్యమును కొనియాడినవి. అది న్యాయమే. బుద్ధివికాసలోపము గల భారతీయ క్రీడాకారులలో పారాలింపిక్ పతకము పొందిన మొదటి వ్యక్తి దీప్తి. అయినను ప్రపంచ విజేతగా వచ్చి మూడవ స్థానమున నిలుచుట ఇరువది ఏండ్ల పిల్లకు సంతోషము మాత్రమే యని చెప్పుట అబద్ధమగును. రెండును కలిసి యుండును. క్రీడాకారులకు ఈ రుచి తెలియును.

నాలుగు దినములు గడచిన పిదప, అదే ఊదారంగు బాట మీద సిమ్రన్, అభయ్ తాడు పట్టుకొని 200 మీటర్ల తుదిపోటీలో నిలిచిరి. 100 మీటర్లలో ఆమెకు నాలుగవ స్థానము వచ్చి పతకము తప్పిపోయెను. చూపు లోపించిన వేగవంతులలో రాణి యనదగిన క్యూబా దేశపు ఒమారా దురాండ్ ఈ పరుగులోను స్వర్ణము గెలిచెను. సిమ్రన్ 24.75 సెకండ్లలో వచ్చి కాంస్యము పొందెను. తోడుపరుగువానికిని పతకము నిత్తురు గనుక ఆ నాడు వారిద్దరి మెడలలోను పతకములు వ్రేలాడెను. పారిస్ క్రీడలలో భారతదేశమునకు మొత్తము 29 పతకములు వచ్చినవి. 1972లో హైడెల్‌బర్గు క్రీడలలో ఈతలో స్వర్ణము గెలిచిన మురళీకాంత్ పేట్కర్ నాడు ఈ దేశమునకు పారాలింపిక్ పతకము అదియే మొదటిది.

పారిస్ నుండి తిరిగివచ్చిన దీప్తికి తెలంగాణ ప్రభుత్వము కోటి రూపాయలు, వరంగల్లులో 500 చదరపు గజముల ఇంటి స్థలము, గ్రూపు-2 స్థాయి ఉద్యోగము ప్రకటించెను. ఆమె శిక్షకునకును 10 లక్షల రూపాయలు ప్రకటించిరి. 2024వ సంవత్సరపు అర్జున పురస్కారములలో సిమ్రన్ పేరును, దీప్తి పేరును ఉండెను. 2025 జనవరి 17వ తేదీన రాష్ట్రపతి భవనమున ఆ పురస్కారముల ప్రదానము జరిగెను. ఆ సభలో పేర్లు చదువువారు మారుపేర్లు చదువరు. తల్లిదండ్రులు పెట్టినది ఉన్నది ఉన్నట్లు చదువుదురు.

కల్లెడలోను పిలుపు మారెను. ఒకప్పుడు బిడ్డను ఆశ్రమమున విడిచి రమ్మన్న గ్రామమే ఇప్పుడు ఆమె తమ ఊరిదని చెప్పుకొనుచున్నది. నవ్వినవారు సిగ్గుపడిరా, మరచిపోయిరా అనునది వేరు సంగతి. ఊళ్లు సాధారణముగా మరచిపోవును. తల్లి మరచిపోలేదు. బిడ్డ విజయమును గూర్చి ఆమె పత్రికలవారితో మాటలాడినప్పుడు ముందుగా చెప్పినది ఆ పాత దినముల సంగతియే.

పతకములతో పరుగు ముగియలేదు. 2025 సెప్టెంబరులో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలు మొదటిసారిగా భారతదేశమున, న్యూఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియమున ప్రారంభమయ్యెను. దీప్తి స్వదేశములో, తన ప్రజల కేకల నడుమ, మరల ఓండెరుతో తలపడెను. ఓండెర్ 54.51 సెకండ్లలో పరుగెత్తి తన రికార్డును తానే బ్రద్దలు చేసికొనెను. దీప్తి రెండవదిగా వచ్చి రజతము పొందెను. ఆమె కాలము 55.16 సెకండ్లు. ఒక సంవత్సరము క్రిందట పారిస్‌లో స్వర్ణము తెచ్చిన కాలము సరిగ్గా అదే.